గురువు చావని ముగింపు

ఫిబ్రవరి 4

ఆఖరి ఎపిసోడ్ స్క్రిప్ట్ ఆరోసారి తిరిగొచ్చింది. కురొసుగారు దాన్ని చేతికివ్వలేదు, మొహాన కొట్టాడు. క్లిప్పు అంచు కనుబొమ మీద గీసుకుంది. నేను నవ్వాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన కొట్టినప్పుడల్లా నవ్వుతూనే ఉన్నాను. నాకు మొదటి కథ రాసే అవకాశం ఇచ్చిన డైరెక్టర్ ఆయన. మొదటి చెంపదెబ్బ కూడా ఆయనదే.

గొడవంతా ముగింపు గురించే. మా యానిమే, అంటే టీవీలో వచ్చే బొమ్మల సీరియల్, ఒక కత్తిసాము బడి కథ. గురువు తొదొ శిష్యుల్ని చావబాది నేర్పుతాడు. మూడో ఎపిసోడ్‌లో ఒకడి పక్కటెముకలు చెక్క కత్తితో విరగ్గొట్టాడు. తొమ్మిదిలో వాడు రక్తం కక్కుకుని పోయాడు. వాడి అక్క ఇబుకి కూడా అదే బడిలో శిష్యురాలు. ఆఖరిదైన పన్నెండులో ఆమెకీ గురువుకీ ముఖాముఖి పోరు. నేను రాసిన ప్రకారం ఆమె అతణ్ణి నరికేస్తుంది. కురొసుగారు ఒప్పుకోడు. మెడ మీద పెట్టిన కత్తి దించాలట. మోకరిల్లాలట. మీ దెబ్బలే నన్ను మనిషిని చేశాయి అనాలట.

చచ్చిన తమ్ముడి సంగతేమిటండీ అన్నాను. ఒరేయ్ ఉసుయీ, గురువుని చంపే కథ ఎవడు చూస్తాడ్రా, నీ బుర్రలో గుజ్జు ఉందా అసలు, అన్నాడు.

ఫిబ్రవరి 5

ఆ మాట రాసిచ్చేశాను. మీ దెబ్బలే నన్ను మనిషిని చేశాయి. ఒక్క అక్షరమూ కొట్టేయలేదు. అదే బాధ.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం మూడు

ఇది ఎవరికీ చూపించను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

హొరిగొమె సాకి మా స్టూడియోలో పోట్లాటలు గీసే మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు. మాట తక్కువ. దెబ్బ పడే ముందు భుజం ఎలా బిగుస్తుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆఖరి పోరాటం నూట నలభై షాట్లూ ఆమె గీయాల్సినవే. ఈ ఉదయం కురొసుగారు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. ఇబుకి మోకరిల్లే షాట్ చూసి, ఈ మొహమేమిటే, కళ్ళల్లో కృతజ్ఞత ఏదీ, అన్నాడు. తమ్ముణ్ణి చంపినవాడి ముందు కృతజ్ఞత ఎలా ఉంటుందో నాకు తెలియట్లేదండీ, ఒకసారి మీరే గీసి చూపిస్తారా అన్నది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

అప్పుడామె చెయ్యి ఇనుప బీరువా సొరుగులో ఉంది, కాగితాలు తీస్తోంది. ఆయన సొరుగుని కాలితో తన్నాడు. ఒకసారి తంతే కోపం అనుకోవచ్చు. ఆమె కేక విన్నాక మళ్ళీ తన్నాడు.

అన్నం తినే చెక్కపుల్లల జతని విడదీయకుండానే విరిచేస్తే ఎలా ఉంటుంది, అలాంటి చప్పుడు. ఆమె చెయ్యి బయటికి లాగితే చూపుడు వేలు పక్కకి చూస్తోంది. గోరు సొరుగులోనే ఉండిపోయింది. రక్తం బల్ల మీది కాగితాల మీద ధారగా పడింది. ఆయన ఆ కాగితాలు పక్కకి జరిపాడు, పాడవకుండా.

గదిలో వాళ్ళిద్దరూ కాక పదకొండు మందిమి. ఒక్కడూ లేవలేదు. నా నోట్లో నోరి అనే సముద్రపు నాచు రేకు చుట్టిన అన్నం ముద్ద ఉంది. నమిలి మింగాను. ఆ రుచి కూడా గుర్తుంది. ముద్ద మధ్యలో పెట్టిన, ఉప్పులో ఊరిన రేగుపండు.

ఫిబ్రవరి 13, సాయంత్రం

ప్రొడ్యూసర్ మినెగిషి వచ్చాడు. గొంతు ఎప్పటిలాగే వెన్నలా ఉంది. ఆఖరి ఎపిసోడ్ ప్రసారానికి ఆరు వారాలే ఉంది కదా అన్నాడు. సొరుగు దానంతటదే జారి మూసుకుందని కాగితం రాసి తెచ్చాడు. వరసలో నిలబడి సంతకాలకి బదులు మా పేర్ల ముద్రలు వేశాం. నాది నాలుగోది.

ఫిబ్రవరి 16

సాకిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. మూడు ఎముకలు విరిగాయి. రెండు ఉక్కు సూదులు దించారు. చూపుడు వేలి నరం తెగింది. చెంచా పట్టుకోవచ్చట. పెన్సిల్ సంగతి చెప్పలేమన్నారట.

మంచం పక్కన పెట్టెలో ఖరీదైన పుచ్చకాయ. కురొసుగారు పంపించాడు. కోయలేదు.

ఉసుయిగారూ, మీరు చూశారు కదా అన్నది. నేను అప్పుడు తింటున్నాను అన్నాను. నా నోటినుంచి ఆ మాటే వచ్చింది. తింటుంటే కళ్ళు కనపడవా అన్నది.

ఫిబ్రవరి 17

తింటుంటే కళ్ళు కనపడవా.

ఫిబ్రవరి 21

రాజీ మీటింగ్. మినెగిషి ఏర్పాటు చేశాడు. సాకిని, చెయ్యి మెడకి కట్టులో వేలాడుతుండగానే, పిలిపించాడు. క్షమాపణ చెప్పేది కురొసుగారనుకున్నాను. కాదు. పని ఆలస్యమైనందుకు ఆమె చెప్పాలట.

ఆమె తల వంచలేదు. మినెగిషి దగ్గాడు. కురొసుగారు టీ తాగుతూ, నీ మంచికేనమ్మాయ్, నా దెబ్బలు తిన్నవాళ్ళే ఈ రంగంలో మనుషులయ్యారు, కావాలంటే ఈ ఉసుయి గాణ్ణి అడుగు, అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నేను తొదొ కోసం రాసిపెట్టిన సమర్థన అది. ఇబుకి నోట్లో కుక్కిన మాట అది. నేను మనిషిని కాలేదండీ అన్నాను. ఏమిట్రా కూశావు అన్నాడు. మళ్ళీ అన్నాను, కాలేదు.

టీ కూజా విసిరాడు. పింగాణీది, బరువైంది. దవడకి తగిలి పగిలింది. వేడి టీ, రక్తం, పన్ను ముక్క కలిసి నోట్లోకి వచ్చాయి. ఈసారి నవ్వు రాలేదు. బల్ల మీదుగా దూకి ఆయన కాలరు పట్టుకున్నాను. నా పిడికిలికి ఆయన ముక్కు చాలా మెత్తగా తగిలింది. సిగ్గు విడిచి రాస్తున్నాను, హాయిగా ఉంది. కింద పడేసి ఇంకా కొట్టాను. ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. అది గుర్తుంది, గుర్తుండే కొట్టాను. మినెగిషి నా నడుం పట్టుకుని లాగుతున్నాడు, నేను మోచేత్తో అతన్నీ పొడిచాను.

సాకి లేవలేదు. గొంతు పెంచలేదు. చాలు ఉసుయిగారూ, ఇక్కడ ఇంకో కురొసు అక్కర్లేదు అన్నది.

నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఫిబ్రవరి 22

పోలీస్ స్టేషన్‌లో నాలుగు గంటలు. సొరుగు సంగతి చెప్పాను. రెండు తన్నులనీ చెప్పాను. కాగితం మీద నా ముద్ర అబద్ధమని చెప్పాను. నేను ఆయన్ని కొట్టిందీ చెప్పాను. రాసుకుంటున్న పోలీసావిడ తలెత్తి, ఇరవై రెండేళ్ళు ఏం చేశారండీ మరి అన్నది. కోపంగా కాదు. కాగితంలో ఆ జవాబు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసింది.

ఫిబ్రవరి 26

మిగతా పదిమందిలో ఆరుగురు వెళ్ళి చెప్పారట. నలుగురు నాతో మాట్లాడటం మానేశారు.

మార్చి 3

కురొసుగారిని తప్పించారు. నన్నూ తప్పిస్తారనుకున్నాను. కానీ ముగింపు రాయడానికి వేరేవాడు దొరకలేదు. నీ ఇష్టం వచ్చినట్టు రాసి తగలడు అన్నాడు మినెగిషి. అతని గొంతులో వెన్న లేదు.

ఒక్క పూటలో రాశాను. ఇబుకి తొదొ మణికట్టు నరుకుతుంది, తర్వాత మోకాలు, తర్వాత మెడ. తల మెట్ల మీద దొర్లుతుంది. సాకి ఇంటికి పట్టుకెళ్ళాను, బహుమతి తెచ్చినవాడిలా.

ఎడమ చేత్తో కాగితాలు తిప్పుతూ చదివింది. బాగుంది అన్నది. చదువుతుంటే కడుపు చల్లబడింది అన్నది. తర్వాత, తీసెయ్యండి అన్నది. వాడు చస్తే జనం ఈల వేసి టీవీ కట్టేస్తారండీ, తెల్లారితే మర్చిపోతారు. బతకనివ్వండి. వాడేం చేశాడో అందరికీ తెలిసేలా బతకనివ్వండి. నేను బతకట్లేదా ఈ చేత్తో?

వంటింట్లో వాళ్ళమ్మ కమలాపళ్ళు ఒలుస్తోంది. మా ఇద్దరికీ చెరొకటి పెట్టింది. ఎవరం తినలేదు.

మార్చి 9

ముగింపు పూర్తి. పోరాటం అలాగే ఉంది, నెత్తురుకి లోటు లేదు. ఇబుకి తొదొ కత్తి విరగ్గొట్టి అతణ్ణి నేల మీద పడేస్తుంది. తన కత్తి ఎత్తుతుంది. దించుతుంది, కానీ మోకరిల్లదు. బడి తలుపులు తెరిచి, ఊరి న్యాయాధికారి ముందు, నా తమ్ముణ్ణి ఇతను చంపాడు, నేను చూశాను అంటుంది. వెనక వరసలో ఒక శిష్యుడు నేనూ చూశాను అంటాడు. తర్వాత ఇంకొకడు. తొదొ నేల మీద కూర్చుని వింటూ ఉంటాడు. అంతే.

ఈసారి ఒక్కో మాటా మూడేసిసార్లు కొట్టేసి రాశాను.

మార్చి 29

నిన్న ప్రసారమైంది. పొద్దున్నుంచీ నెట్‌లో తిట్లు. పన్నెండు వారాలు పగ పెంచి చివర్లో కోర్టు నాటకమా అని. ఇబుకిని పిరికిదాన్ని చేశారని. తొదొ లాంటి పాత్రని పాడు చేశారని. ఈ రచయిత ఎక్కడుంటాడో చెప్పండి, వీడి పక్కటెముకలు నేను విరగ్గొడతా అని ఒకడు. ఆ మాటకి నాలుగు వేల లైకులు.

సాకి ఫోన్ చేసింది. పోరాటం చెత్తగా ఉందండీ, ఎవరు గీశారోగానీ భుజాలు చచ్చిపోయాయి అన్నది. ముగింపు? అన్నాను. పర్లేదు అన్నది. తొదొ మొహం రెండోసారి చూడలేకపోయాను, అన్నది.

జూన్ 11

తీర్పు. కురొసుగారి మీద నేరం రుజువైంది. శిక్ష పడింది, అమలు మూడేళ్ళు నిలిపివేశారు. ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. నాకు జరిమానా. సాకి ఇక పోరాటాలు గీయలేదు. వేరే స్టూడియోలో ఇతరులు గీసినవి దిద్దే పనిలో చేరింది. వాళ్ళ మీద అరుస్తున్నారా అని అడిగాను. అరుస్తున్నాను, అరిచాక బయటికెళ్ళి నిలబడుతున్నాను అన్నది.

సెప్టెంబర్ 30, మధ్యాహ్నం

ఒగికుబొ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కురొసుగారు ఎదురయ్యాడు. చిక్కిపోయాడు. చేతికర్ర. నన్ను చూశాడు. చెయ్యి ఎత్తాడు. నా రెండు చేతులూ మొహానికి అడ్డం వెళ్ళిపోయాయి, మోకాళ్ళు వంగాయి. జనం చూస్తున్నారు.

ఆయన టోపీ సరిచేసుకున్నాడంతే.