ఎవ్వలు ఎత్తని ఫోన్

వరంగల్, 1986. శుక్రవారం రాత్రి.

మట్టెవాడ మిర్చి సేటు నిన్న సాయంత్రం గుండెనొప్పితోని పోయిండు. ఇయ్యాల చూసొచ్చిన. "డాక్టర్ ఇంటికి ఫోన్ తిప్పుతనే ఉన్న చెల్లె, గంట మోగుతనే ఉన్నది, ఎవ్వలు ఎత్తలే" అని సేటమ్మ నన్ను పట్టుకొని ఏడ్చింది.

గురువారం సాయంత్రాలు డాక్టర్ హన్మకొండల వాళ్లక్క ఇంట్ల ఉంటడు. పోయిన నెల దాక ఎక్స్చేంజిల ఆపరేటర్‌గ నేనుంటి. "జర డాక్టర్‌ను ఇయ్యమ్మా" అంటే చాలు, సీదా అక్కడికే కలుపుతుంటి. ఇప్పుడు ఆటోమేటిక్ మిషన్. తిప్పిన నంబర్‌కు కలుపుతది. మనిషి ఏడున్నడో దానికేం ఎరుక?

అది వచ్చిన్నాడు అందరికంటె ఎక్కువ సంబురపడ్డది సేటే. ఎనుమాముల మార్కెట్ ధరలు ఫోన్ల మాట్లాడుతుంటె ఇగ నడుమల ఎవ్వలు వినరని నాకే మిఠాయి పెట్టిండు.

లేశొస్తుంటె సేటమ్మ అడిగింది: "నువ్వుంటే ఆయన బతికేటోడా చెల్లె?"

లేదక్కా అన్న. ఇంకేమనాలె...