ఇసుకలో లారీ

బుధవారం రాత్రి, గుడియాత్తం

తండ్రిని లారీ గుద్దడం చూసినప్పటి నుంచి నా మనవరాలు కోమల మాట్లాడలేదు. ఇవాళ వేలూరులో, పిల్లల మనసుకు వైద్యం చేసే కౌన్సిలరమ్మ గదిలో, బొమ్మ లారీని ఇసుకలో పూడ్చి, “ఇంక రాదు” అంది. పిల్లను ఏమీ అడగొద్దు, ఆడుకోనివ్వండి, అందావిడ. దారిలో పళ్ళికొండలో తాగిన కాఫీ గురించి రాద్దామనుకున్నాను, కానీ ఒళ్ళు మండిపోతోంది.

ఇల్లు చేరి, పిల్ల నోరు తెరిచిందని చెప్పగానే మా చెల్లెలు వీధినంతా పోగుచేసింది. “లారీ ఎట్ల వచ్చినాదో వీళ్ళకీ చెప్పమ్మా!”

పిల్ల నోరు మళ్ళీ మూతబడింది.

“సినిమా చూసేదానికి వచ్చినారా? పొండి అందరూ!” అని అరిచాను.

“అడిగితే తప్పేముండాదన్నా?” అంటుంది, సిగ్గులేకుండా!

వాగుడుకాయనైన నేను నోరు కుట్టుకుని పక్కింటివాళ్ళ ఇసుక కుప్ప మీద కూర్చున్నాను. చాలాసేపటికి కోమల అగ్గిపెట్టెను లారీలా నెట్టుకుంటూ వచ్చి నా చేతిలో పెట్టింది. పూడ్చాను.

“ఇంకా లోతుకు, తాతా.”