గొంతు పరీక్ష

మార్చి 3
కుట్టుపని చేసే ఆడవాళ్ల కోసం నేనూ అక్కా ఆన్‌లైన్‌లో పెట్టిన గ్రూపుకు ఏడేళ్లు నిండాయి. ఈమధ్య ఆడవాళ్లమంటూ మగవాళ్లు దూరుతున్నారు. అందుకని కొత్త రూల్ పెట్టాను. పాతవాళ్లైనా సరే, అందరూ వాయిస్ మెసేజ్ పంపాల్సిందే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మార్చి 5, ఉదయం 11
షాపులో కోటుకు లైనింగ్ వేస్తుంటే ‘బొత్తాం’ విడిగా మెసేజ్ పెట్టింది. గ్రూపులో అందరివీ ఇలాంటి పేర్లే. చెయ్యెత్తితే చొక్కా పైకి లేవకుండా చంక కత్తిరించడం నాకు నేర్పింది తనే. తను ట్రాన్స్ మహిళనట. గొంతు వింటే మగవాడనుకుంటారట. ఉండమంటారా, వెళ్లిపొమ్మంటారా అని అడిగింది. అక్కకు మీరే చెప్పండి అంది.
 కంగారులో లైనింగ్ తిరగేసి కుట్టేశాను.

మార్చి 6
అక్క అగ్గిమీద గుగ్గిలమైంది. మనకంటూ ఒక చోటు కోసం ముప్పయ్యేళ్లు కొట్లాడాం, ఇప్పుడు తలుపులు బార్లా తీస్తావా అంది. ఆడవాళ్ల హక్కుల ఊరేగింపుల్లో లాఠీదెబ్బలు తిన్న మనిషి. ఆ మాట తేలిగ్గా తీసెయ్యలేను. బొత్తాం ఏడేళ్లుగా లోపలే ఉంది కదక్కా అన్నాను. ఫోన్ పెట్టేసింది.

మార్చి 7
బొత్తాం లేని గ్రూపు నాకొద్దు. ఈ డైరీలో రాయడం తేలికే, అక్కతో అనడమే కష్టం.

మార్చి 9
పాత ఫోన్ బస్సులో పోయింది. కొత్త నంబర్‌తో చేరడానికి రూల్ ప్రకారం నేనూ వాయిస్ పంపాను. అవి వినే పని గ్రూపులోనే ఉన్న ఒక నర్సుకు అప్పగించాం. నా గొంతు ఆవిడెప్పుడూ వినలేదు. పది నిమిషాల్లో జవాబు: మగగొంతు, చేర్చుకోం. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత నా గొంతు బొంగురుపోయిందని నాకే గుర్తులేదు.
పడీపడీ నవ్వాను. తర్వాత సిగ్గేసింది. నేనైతే ఫోన్ చేసి నర్సును దులిపేసి లోపలికొచ్చాను. బొత్తాం ఎవరికి చేస్తుంది?
సంగతి చెబితే అక్క కూడా నవ్వాపుకోలేకపోయింది. నవ్వడం అయ్యాక, ఆ దిక్కుమాలిన రూల్ తీసెయ్, మిగతాది నేనింకా ఒప్పుకోలేదు అంది.

మార్చి 10
తీసేశాను. ఇకమీదట చేరాలంటే తాము కుట్టిన బట్ట తిరగేసి, లోపలి కుట్లు ఫోటో తీసి పంపాలి. వేషాలకొచ్చేవాళ్లు అంత కష్టపడరు.
బొత్తాంకు క్షమాపణ చెప్పాను. ఇది నీ గ్రూపు, నువ్వెక్కడికీ వెళ్లడం లేదు అని రాశాను. సాయంత్రం తన సంగతి తనే అందరికీ చెప్పింది. ఇద్దరు వెళ్లిపోయారు. మిగతావాళ్లు కాలర్ల మీద డౌట్లు అడిగారు. హాయిగా ఉంది.

మార్చి 14
ఆడవాళ్ల కోటుకు జేబులు రెండా, నాలుగా అని అక్కా బొత్తాం గంటసేపు కాల్‌లో పోట్లాడుకున్నారు. నేను మధ్యలో దూరితే నువ్వుండవే అని అక్క, మీరుండండి అని బొత్తాం.