ఏ నెలలో తీసిన ఫోటో?

చింతామణి
8-5-2007

చి. నేత్రకు, మీ అవ్వ ఆశీస్సులు. మోకాళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి, నా పనులు నేనే చేసుకుంటున్నాను, దిగులుపడవద్దు.

నిన్న ఇళ్ళ సైట్ల దళారి గంగప్ప, అమ్మజూపుతున్న ఒక స్థలం ఫోటో పట్టుకొని వచ్చాడు. "చూడమ్మా, అరచేయి మాదిరి ఎంత చదునుగా ఉండాదో!" అన్నాడు. "ఏ నెలలో తీసినావప్పా?" అని అడిగాను. "ఫోటోకి నెల యాడుంటాదమ్మా?" అని నవ్వాడు. అది మన చెరువు ముంపు నేల. ఎండాకాలంలో అక్కడ పిల్లలు క్రికెట్ ఆడతారు, కార్తీకంలో నడుము లోతు నీళ్ళు నిలుస్తాయి. "కార్తీకంలో తీసుకొని రాప్పా, అప్పుడు చూస్తా" అని సాగనంపాను.

అతడు వెళ్ళాక, పోయిన ఉత్తరంతో నీవు పంపిన ఉపగ్రహ చిత్రం మళ్ళీ తీసి చూశాను. హిమానీనదం అంచున ఉన్న సరస్సు చిన్న గుంటేననీ, కట్ట తెగినా వరద రాదనీ మీ అధికారి చెప్పారని రాశావు. ఆ నమ్మకంతోనే దాని కింద ఏటి ఒడ్డున మీ బృందానికి గుడారాలు వేస్తున్నారట. కానీ ఈ చిత్రం మీద కూడా నెల లేదు. చలికాలంలో తీసినదైతే సరస్సు గడ్డకట్టి, దానిపై మంచు కప్పి, చాలా నీరు కనబడకుండా పోదా? ఆకాశం నుంచి తీసినంత మాత్రాన దానిని నేను నమ్మను.

శాలువా పంపవద్దు, ఉన్నవి చాలు. వేరుశనగ ఉండలు చేరాయా? అక్కడ రాగిపిండి దొరుకుతుందా?

నెల కనుక్కొని రాయి. తెలిసేదాకా గుడారం మెట్ట మీదికి మార్చమని గట్టిగా అడుగు. నవ్వితే నవ్వనీ, గంగప్ప కూడా నవ్వాడు. ఎత్తైన చోట నిద్రపోయి నిండు నూరేళ్ళు చల్లగా ఉండు.

మీ అవ్వ,
సుబ్బలక్ష్మమ్మ, బి.ఏ.