భ్రమరాంబకి బారసాల

తాడేపల్లిగూడెం,
నవంబరు 29, శనివారం సాయంత్రం.

నాయనమ్మకి, నీ మనవరాలు లావణ్య నీ పాదాలు తాకినట్టే అనుకుని రాస్తున్నది.

ఈ రోజు పొద్దున్న తలుపు తీయగానే ఒక ఆశ్చర్యం. గుమ్మం ముందు క్యారేజీ ఒక్కటే ఉంది. కింది గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో పప్పు, పై గిన్నెలో బొచ్చె చేప పులుసు. మూడు వారాలుగా నాకు రెండు క్యారేజీలు వస్తున్నాయి. ఒకదానిలో అన్నం, పప్పు. ఇంకోదానిలో పులుసు ఒక్కటే. ఈ ఒక్క క్యారేజీని చూసి అక్కడే నిలబడి నవ్వుకున్నాను. ఎందుకో చెప్పాలంటే కథంతా చెప్పాలి.

ముందు ఇంటి సంగతి. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అమ్మ రాసే నూనె పనిచేస్తోందా? ఇక్కడ మబ్బు పట్టినప్పుడల్లా నాన్న చెరువులో గాలి అందక చేప తేలుతుందేమోనని నాకు బెంగ. అమ్మా, ఇది నువ్వే చదివి వినిపిస్తావు కాబట్టి నిన్ను వేరుగా అడగడం లేదు. నువ్వు బాగుండాలి.

నేను బాగున్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను, క్లాసు ఒక్కటీ మానలేదు. ఇక్కడ ఎటు చూసినా మన కొల్లేట్లోలా నీళ్ళు కనపడవు. తెల్లారితే పిట్టల అరుపులకు బదులు ఉల్లిపాయల లారీల హారన్లు. మొదట్లో సాయంత్రమైతే ఇంటి మీద బెంగ పుట్టేది. మేడమీద గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే, కింద ఉండే ఇద్దరూ పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఆ బెంగ పోయింది.

వాళ్ళిద్దరి గురించి ఫోనులో చెప్పాను గాని సరిగ్గా చెప్పలేదు. సుబ్బలక్ష్మిగారు, మార్తమ్మగారు. ఒకే గోడకి అటొక వాటా, ఇటొక వాటా. ఇద్దరూ కలిసి చదువుకునే పిల్లలకి క్యారేజీలు వండుతారు. అన్నం, పప్పు, వేపుడు సుబ్బలక్ష్మిగారివి. చేపల పులుసు మార్తమ్మగారిది. ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. రోజూ ఏడున్నరకి సుబ్బలక్ష్మిగారింట్లో, మర్నాటికి కావలసిన ఉల్లిపాయలు తరుగుతూ సీరియల్ చూస్తారు. కళ్ళనీళ్ళు ఉల్లిపాయలవో సీరియల్‌వో అడగకూడదు.

ఆ సీరియల్లో భ్రమరాంబ అని పెద్దకోడలు. ఓర్పు గల మనిషి, పసిపిల్ల తల్లి. పడవ తిరగబడి గోదావరిలో పోయింది. శవం దొరకలేదు. సుబ్బలక్ష్మిగారు ఆ రాత్రి అన్నం తినలేదు. సీరియల్‌వాళ్ళు కర్మకాండ ఏమీ చూపించకుండా వేరే గొడవలోకి వెళ్ళిపోయారు. ఆవిడకి మనసొప్పలేదు. "ఇంతమందికి వండిపెట్టిన ఇల్లాలికి పెద్దకర్మైనా చెయ్యరా?" అని, పదకొండో రోజున మినప్పప్పు రుబ్బి, గారెలు వండి, భ్రమరాంబ పేరు చెప్పి వీధంతా పంచారు. నేనూ నాలుగు తిన్నాను. చాలా బాగున్నాయి.

ఆ తర్వాత వారమే, రాబోయే భాగం అని చూపించారు. పట్టీలు పెట్టుకున్న కాళ్ళు బస్సు దిగుతున్నాయి. అంతే. మొహం లేదు. మూడు వారాలు ఆ కాళ్ళు బస్సు దిగుతూనే ఉన్నాయి.

వీధి రెండుగా చీలిపోయింది. భ్రమరాంబ రావాలని మార్తమ్మగారు. రాకూడదని సుబ్బలక్ష్మిగారు. అరుగు మీద మాటకి మాట.

"పసిపిల్ల తల్లి కోసం ఏడుస్తోంది వదినా. తల్లి రాకపోతే ఎలా?"

"పోయినవాళ్ళు పోయారు. వస్తే చావుకి విలువేముంది?"

"చనిపోయి లేవడం మాకు కొత్త కాదు."

"మీ ప్రభువు మూడో రోజుకే లేచాడు, వదినా. ఈవిడ ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగిందట?"

ఇస్త్రీ బండి ఆయన బొగ్గులు ఎగదోస్తూ, "ఆ అమ్మాయికి జీతం పెంచితే వస్తుందండీ, పెంచకపోతే రాదండీ. మీరు పోట్లాడుకోకండి" అన్నాడు. అక్కడితో అందరూ నవ్వేసి లేచిపోయేవారే. కాని మార్తమ్మగారు ఆ నవ్వులో ఇంకో మాట కలిపారు.

"బతికున్న మనిషికి గారెలు వండి పెట్టినావిడ ఈ గూడెంలో మా వదిన ఒక్కతే."

వీధంతా నవ్వింది. సుబ్బలక్ష్మిగారు నవ్వలేదు. మర్నాటినుంచి క్యారేజీలు రెండయ్యాయి. నాయనమ్మా, మాటలో ఎంత ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. వాళ్ళు తిట్టుకోలేదు. ఇంకా మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వదినా పోయి "ఏవండీ" వచ్చింది. "ఏవండీ, మీ గిన్నె ఇక్కడుందండీ." "అక్కడే పెట్టండి, మావాళ్ళు తెస్తారండీ." వింటుంటే చలేసేది.

నిన్న ఏడున్నరకి మొహం చూపించారు. భ్రమరాంబే. మార్తమ్మగారి వాటాలో చప్పట్లు. ఇటు సుబ్బలక్ష్మిగారు టీవీ కట్టేశారు. గుమ్మంలోకి వచ్చి, గోడవైపు చూస్తూ, "ఏవండీ, ఒకటో తారీకు నుంచి మీ వంట మీది, నా వంట నాదండీ. పిల్లలకి చెప్పేయండి" అన్నారు. చప్పట్లు ఆగిపోయాయి. మార్తమ్మగారు బయటికొచ్చారు. ఆవిడ చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ ఉంది.

నేను మెట్లమీద ఉన్నాను. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడడం తప్పని తెలుసు. కాని నాకు నీ తమ్ముడు కొత్తయ్య తాత గుర్తొచ్చాడు. నీ కథ నీకే చెబుతున్నానని నవ్వకు, వాళ్ళకి ఎలా చెప్పానో నువ్వు వినాలి.

"మా తాతకి కూడా బతికుండగానే గారెలు వండారండీ" అన్నాను. ఇద్దరూ నావైపు తిరిగారు. తాత బాతుల మందని తోలుకుని గణపవరం చేలవైపు వెళ్ళడం, తుఫాను రావడం, కబురు లేకపోవడం, మనవాళ్ళు ఏడ్చి ఏడ్చి పెద్దకర్మ పెట్టడం, భోజనాల బంతులు సాగుతుండగా గట్టు మీద బాతుల అరుపులు వినపడడం చెప్పాను. తాత వచ్చి ఎవరికి కర్మ అని అడక్కుండా విస్తరి ముందు కూర్చున్నాడనీ, రెండు గారెలు తిన్నాక "ఇంతకీ పోయిందెవరు?" అన్నాడనీ చెప్పాను. సుబ్బలక్ష్మిగారి పెదవి అప్పుడే కదిలింది.

"మరి పెట్టిన కర్మ ఏం చేశారు?" అన్నారు.

"అది తప్పు కాదన్నారండీ మా పెద్దలు. కర్మ అయ్యాక వచ్చినవాడు ఆ రోజే పుట్టినట్టు. స్నానం చేయించి, చీర ఉయ్యాలలో కూర్చోబెట్టి, పళ్ళెంలో బియ్యం పోసి కొత్త పేరు రాశారు. మీసాల మనిషి బరువుకి మా నాయనమ్మ చీర పిగిలిపోయింది. అప్పటినుంచీ ఆయన కొత్తయ్య."

మార్తమ్మగారు ఉల్లిపాయ కిందపెట్టారు. "అయితే గారెలు వండిన చేత్తోనే బారసాల చెయ్యాలి. ఇంకొకరు చేస్తే చెల్లదు" అన్నారు. ఆ తర్వాత మెల్లగా, "ఆ మాట నేను నలుగురిలో అనకుండా ఉండాల్సింది, వదినా" అన్నారు.

సుబ్బలక్ష్మిగారు వంగి ఆ ఉల్లిపాయ చేతిలోకి తీసుకున్నారు. "ఆ మినప్పప్పు ధర నీకేం తెలుసు? లోపలికి రా. ఇవాళ సగం సీరియల్ నీవల్ల పోయింది. ఏమైందో చెప్పు" అన్నారు.

అందుకే ఈ రోజు ఒక్క క్యారేజీ.

ఇప్పుడు పేరు పెట్టే పని నామీద పడింది, తెలుగు చదివేదాన్ని కదా. మొన్న క్లాసులో ఒక మాట విన్నాను, అప్పటినుంచి నోట్లో చప్పరిస్తూనే ఉన్నాను. పునర్నవ. మళ్ళీ కొత్తదైనది అని అర్థం. అది ఒక మొక్క పేరు కూడా. ఎండకి మాడిపోయి వానకి మళ్ళీ చిగురిస్తుందట. ఆ మొక్క ఏమిటో తెలుసా? చెరువుగట్టు మీద నువ్వు కోసుకొచ్చి పప్పులో వేసే గలిజేరే. ఇన్నేళ్ళూ ఇంత అందమైన పేరు తిన్నానన్నమాట. సుబ్బలక్ష్మిగారు "ఆకుకూర పేరు పెడతావా?" అన్నారు. "ఆకుకూరైతే ఇంట్లో మనిషే కదా వదినా" అన్నారు మార్తమ్మగారు. పేరు ఖాయమైంది.

నాన్నని నీళ్ళలో ఎక్కువసేపు నానొద్దని చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు. మార్తమ్మగారు మన కొల్లేటివి రుచి చూడాలట. కొత్తయ్య తాతకి నా దండాలు. ఆయన పేరు గూడెంలో ఒక వంటిల్లు నిలబెట్టిందని చెప్పు. నా పరీక్షలు బాగా జరగాలని దీవించు. నువ్వు దీవిస్తే నాకు ధైర్యం.

మీ అందరి మీదా మనసు పెట్టుకుని,
నీ లావణ్య

తా.క. రేపు ఆదివారం. మార్తమ్మగారు పదింటికి ఆరాధనకి వెళ్ళాలి కాబట్టి బారసాల ఎనిమిదింటికే. తెల్లారగానే నేను కాలవగట్టుకి వెళ్ళి గలిజేరు కోసుకొస్తాను. మార్తమ్మగారు పాయసం కాస్తారు. సుబ్బలక్ష్మిగారు పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాస్తారు. ఆ పేరు మూడుసార్లు చెవిలో చెప్పాలి కదా. టీవీకి చెవి ఏ పక్కన ఉంటుందో ముగ్గురం పొద్దున్నే వెతుకుతాం.