పెద్దవే తెచ్చేవాడివి

నాన్నా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడు బుధవారీ బజారు నుంచి డ్యాములో పట్టిన జెల్లచేపలు తెచ్చాను. అరచేతంతైనా లేవు, కోస్తే కడుపు నిండా గుడ్లే. "పసిదాని కడుపులో పిల్లలేటే?" అంది అమ్మ.

రైలింజన్ల షెడ్డులో డ్యూటీ లేని ఆదివారాలు నువ్వు అదే డ్యాములో గాలం వేసేవాడివి. చిన్నవాటిని "ఎదగనీ" అని వదిలేసి, పెద్దవే తెచ్చేవాడివి. ఏళ్ల తరబడి అందరూ అలాగే చేశారు. అందుకే, ఎదిగాక గుడ్లు పెట్టేవి ముందే పట్టుబడిపోయి, ఎదగకముందే గుడ్లు పెట్టేవే మిగిలాయట. వాటి పిల్లలూ అంతేనట. ఇప్పుడు బాగా పెద్దవాటినీ వదిలెయ్యాలని డ్యాము దగ్గర బోర్డు పెట్టారు. వదలడానికి పెద్దవేవీ?

అమ్మకి చెప్పలేదు. దండ వేసిన ఫొటోలో, ఎప్పుడో పట్టిన ఓ పెద్ద జెల్లని గుండెలకెత్తుకుని నువ్వింకా నవ్వుతున్నావు.