ఆదివారం నీళ్ళు

మే 6, సోమవారం

నా బెంచీ తీసేశారు.

చర్చిలో అన్నిటికంటే వెనక, తలుపు పక్కన ఉండేది. శిక్షలో ఉన్నవాళ్ళ బెంచీ. ప్రభువు బల్ల రోజున అందరికీ రొట్టె పంచే పళ్ళెం దాని దాకా రాదు. చాలా కాలంగా దాని మీద కూర్చునేది నేనొక్కణ్ణే. ఇవాళ వడ్రంగి వచ్చి దాన్ని విప్పేసి, చెక్కలు సండే స్కూలు అల్మరాకు వాడుకున్నాడట. కొత్త పాస్టరు చేయించాడు. కుర్రవాడు, కళ్ళజోడు. నిన్న ప్రసంగంలోనే చెప్పాడు, శిక్ష బెంచీ అన్నది దేవుని వాక్యంలో ఎక్కడా లేదని, నమ్మిన ప్రతివాడికీ బల్ల దగ్గర చోటుందని, వచ్చే నెల మొదటి ఆదివారం అందరూ రావాలని.

నేను ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నది ఇదే. అయినా ఇంటికొచ్చి భోజనం మానేసి పడుకున్నాను.

కూతురు నవ్వింది. కేసు గెలిచావు కదా నాన్నా, ఓడిపోయినట్టు ఆ మొహమేంటి అంది. బెంచీ మీద నా దిండు ఉండాలి, అదేమైందో కనుక్కోమన్నాను.

మే 7, మంగళవారం

కేసు సంగతి రాసిపెట్టాలి. నేను పోయాక వాళ్ళు చెప్పుకునేది వేరేగా ఉంటుంది.

రిటైరయ్యేదాకా నేను వాటర్ వర్క్స్‌లో పంప్ ఆపరేటర్ని. ఊరికి ఆదివారం కూడా దాహం వేస్తుంది. షిఫ్టు వేస్తే వెళ్ళాను. మోటారు ఆన్ చేసి, గేజి మీద ఒక కన్ను వేసి, రెండో కంటితో చదువుకున్నాను. చరిత్ర, వేదాంతం, నవలలు, ఏది దొరికితే అది. మా పాస్టర్లందరూ కలిసి చదివినదాని కంటే ఆ పంప్‌హౌస్‌లో నేను చదివింది ఎక్కువ.

విశ్రాంతి దినాన్ని మీరుతున్నానని నా మీద కంప్లయింట్ వచ్చింది. చేసినవాడు సంఘ పెద్ద, హైస్కూలు హెడ్మాస్టరు, స్వయానా నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. నేను అతన్ని ‘ధర్మశాస్త్రం’ అంటాను. మొహం మీద కాదు. సరే, మొహం మీద కూడా. అంతకుముందు నన్ను అన్నయ్యా అని పిలిచేవాడు. కంప్లయింట్ రోజు నుంచి బ్రదర్ అయ్యాను.

సంఘం ముందు నిలబడి ఒక్క మాట క్షమాపణ చెప్పండి బ్రదర్, ఒక్క నిమిషం పని అన్నాడు. ఇవాళ పొద్దున ఏ నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చారు బ్రదర్ అని అడిగాను. బెంచీ ఖాయమైపోయింది. ప్రసంగం మొదలుకాగానే గురక పెట్టే కోశాధికారిని మాత్రం ఎవరూ ఏ బెంచీకీ పంపలేదు. ఆయన విశ్రాంతి దినాన్ని మా అందరికంటే బాగా ఆచరించేవాడు.

మా ఆవిడకు ఏ శిక్షా లేదు. అయినా ఆడవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ ఆదివారమే కాదు, పోయేదాకా ప్రతి ఆదివారం. ఆమెను లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కృప అంటే ఏమిటని నేను లావుపాటి పుస్తకాల్లో వెతుకుతుంటే అది నా పక్కనే కూర్చుని దగ్గుబిళ్ళ చప్పరించేది. దేవుడు నాకు చేసిన మేళ్ళలో మొదటిది ఆమె. రెండోది ఏమిటో ఇంకా ఆలోచిస్తున్నాను.

మే 9, గురువారం

ఆచారాలు పట్టుకుని వేలాడే సంఘానికి అపొస్తలుడు కోపంతో రాసిన పత్రిక మళ్ళీ చదివాను. ప్రతి మాటతోనూ ఏకీభవించాను. మనసేమీ బాగుపడలేదు.

మే 12, ఆదివారం

చర్చిలో ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఈ వయసులో కొత్తగా బళ్ళో వేసిన పిల్లాడిలా తలుపు దగ్గర తచ్చాడాను. చివరకు ఒక స్తంభం చాటు చూసుకున్నాను.

ధర్మశాస్త్రం రాలేదు. ఎన్నడూ లేనిది.

బయట అతని భార్య, మా మరదలు పట్టుకుంది. మీ తమ్ముడు ఇక చర్చి గుమ్మం తొక్కనంటున్నారు బావా, క్రమశిక్షణ లేని బల్ల బల్లే కాదట అంది. ఎవడు పడితే వాడు తినేదానికి నేనిన్నాళ్ళూ ఎందుకు కడుపు కట్టుకుని ఉపవాసాలున్నానని గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారంది. నువ్వొచ్చి మాట్లాడు బావా, పుస్తకాలు తెలిసినవాడివి అంది.

ఎవడు పడితే వాడు అంటే నేనే. సంతోషం వేసింది. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు.

మే 14, మంగళవారం

రేపు వెళ్తాను. ఒక మాట దాచి ఉంచాను, దానికి టైమొచ్చింది.

మా సంఘంలో బాప్తిస్మాలన్నీ ఆదివారమే. వేదిక కింద సిమెంటు తొట్టి ఉంటుంది. ఆ పొద్దున్నే కుళాయి తిప్పి నింపుతారు. ఆ కుళాయికి నీళ్ళు ఎక్కించింది ఎవరు? నా ఆదివారం పని పాపమైతే, హెడ్మాస్టరు గారూ, మీరు ముంచినవాళ్ళందరూ నా పాపంలోనే మునిగారు.

అద్దం ముందు ఒకసారి అని చూసుకున్నాను. బ్రహ్మాండంగా ఉంది.

మే 15, బుధవారం

అన్నాను.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. వాచిన కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. రండి బ్రదర్, గెలిచారుగా, కూర్చోండి అన్నాడు. మరదలు టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను తొందరపడలేదు. తొట్టి, కుళాయి, మోటారు, నా షిఫ్టు, అన్నీ వరసగా చెప్పి చివరి మాట నెమ్మదిగా వదిలాను.

కోప్పడతాడనుకున్నాను. అతను కప్పు కింద పెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. పరీక్ష పేపరు దిద్దుతున్నప్పుడు అలాగే కదిలేవి. ఆదివారాలన్నీ మీ షిఫ్టేనా అని అడిగాడు. చాలావరకు అన్నాను. మా పాపకు బాప్తిస్మం ఇచ్చిన రోజు కూడానా అన్నాడు.

పాప వాళ్ళకు ఒక్కగానొక్క కూతురు. నన్ను పెదనాన్నా అని పిలుస్తూ నా పుస్తకాలు పట్టుకెళ్ళి తిరిగి ఇచ్చేది కాదు. కాలేజీలో ఉండగా జ్వరమొచ్చి పోయింది. ఆమెను తొట్టిలో ముంచింది తండ్రే. ఆ రోజు నేను షిఫ్టు దిగి, గ్రీజు చేతులతో తలుపు దగ్గర నిలబడి చూశాను.

నాదే అన్నాను.

అయితే పాప సంగతేంటి అన్నయ్యా అన్నాడు.

ఇంకెవరైనా నవ్వి కొట్టిపారేసేవాళ్ళు. బాప్తిస్మం నీళ్ళు ఎవడి షిఫ్టులో ఎక్కాయని వణికిపోయే మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే. ఇన్నేళ్ళూ వేషధారి అనుకున్నాను. కాదు. మాకు పెట్టిన రూళ్ళన్నీ తనకూ పెట్టుకున్నాడు. చచ్చిపోయిన బిడ్డకు కూడా పెడుతున్నాడు.

మరదలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మాట్లాడమని పిలిచింది ఇందుకా బావా అంది.

మే 17, శుక్రవారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మే 20, సోమవారం

వెళ్ళాను. పుస్తకాలేవీ పట్టుకెళ్ళలేదు. మరదలు తలుపు తీసి, ఇంకా ఏమైనా మిగిలిందా బావా అని పక్కకు తప్పుకుంది.

గడ్డం మాసింది. తిండి సరిగ్గా తినడం లేదట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాకు తెలిసిన పని దగ్గరే మొదలుపెట్టాను. నేను మోటారు ఆన్ చేసేవాణ్ణి, నీళ్ళు నేను పుట్టించలేదు అన్నాను. నువ్వు ముంచి లేపేవాడివి, రక్షణ నువ్వు పుట్టించలేదు. నా చేతికి గ్రీజున్నా, నీ చేతికి లేకపోయినా, పాపను పట్టుకున్నవి మన చేతులు కావు. ఆమె నమ్మింది, ఆయన పట్టుకున్నాడు. అంతే.

నువ్వు చదువుకున్నవాడివి, నన్ను ఓదార్చడానికి ఏదో చెప్తావు అన్నాడు. సిలువ మీద ఆయన పక్కనే రక్షణ పొందిన దొంగను ఏ తొట్టిలో ముంచారు అన్నాను. అది స్పెషల్ కేసు అన్నాడు, అచ్చం హెడ్మాస్టరు గొంతుతో. మనందరిదీ స్పెషల్ కేసేరా తమ్ముడూ అన్నాను. తమ్ముడూ అని ఎలా వచ్చిందో తెలియదు. వచ్చేసింది.

అయితే నేనున్న ఉపవాసాలు, మానుకున్నవి, ఆదివారాలు బండెక్కకుండా నడిచిన నడక, ఇందులో ఏదీ లెక్కలోకి రాదా అన్నాడు. భయంగా అడిగాడు. రాదు అన్నాను. అంటుండగా నా గొంతు నాకే వినబడింది. అతని ఉపవాసాలే రాకపోతే నా బెంచీ ఎలా వస్తుంది? దేవుడికి చూపించడానికి నేను ఇన్నేళ్ళుగా దాచుకున్న సర్టిఫికెట్ అదేగా.

నాదీ రాదు అన్నాను. ఏది అన్నాడు. బెంచీ అన్నాను.

నవ్వాడు. పళ్ళు కట్టించుకున్నాడని అప్పుడే తెలిసింది. నవ్వు మధ్యలో కళ్ళు తుడుచుకుని, నీ షిఫ్టుల గురించి నేను అప్పట్లో, అని ఆగిపోయాడు. టీ చల్లారిపోతోంది తాగు అన్నాను.

మరదలు భోజనం చేసి వెళ్ళమంది. కూర్చుని తిన్నాను. అతను కూడా తిన్నాడు.

మే 26, ఆదివారం

పొద్దున్నే కుళాయి తిప్పాను. నీళ్ళొచ్చాయి. ఎవడో షిఫ్టులో ఉన్నాడు. వాణ్ణి దేవుడు చల్లగా చూడాలి.

జూన్ 1, శనివారం

మరదలు ఫోన్ చేసింది. రేపు బల్లకు వస్తారో రారో నోరు విప్పడం లేదు బావా, బూట్లు మాత్రం పాలిష్ చేయించుకున్నారు అంది. నువ్వొస్తావా అని అడిగింది. ఎదురు అడిగినందుకు కోపం రాలేదు. న్యాయమైన ప్రశ్న.

జూన్ 2, ఆదివారం

వచ్చాడు. నేనూ వెళ్ళాను.

రొట్టె చప్పగా ఉంది. అంచు కొంచెం మాడింది. ఇంకో ముక్క ఉందా అని పాస్టరును అడిగాను.

ఉంది అన్నాడు.